పద్దెనిమిదో బిళ్ళ

మా ఆటో మైకు ‘కొలత’ అంది. జీడివలస ‘కలరా’ అని విన్నది.

‘రేపు ఉదయం బడి దగ్గర పిల్లలకి కొలతబిళ్ళలు ఇస్తారు’ అని మేము శుభ్రంగా రాసిచ్చిన వాక్యం ఆ మైకు గొంతులో పడి, నలిగి, కలరాబిళ్ళలై బయటికొచ్చింది. మర్నాడు మేము వెళ్ళేసరికి సగం ఊరు తలుపులు బిగించుకుని కూర్చుంది. మిగతా సగం స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పట్టుకుని బడి ముందు వరస కట్టింది. పరగడుపున వెయ్యాలా, తిన్నాక వెయ్యాలా అని ఒక తాత నన్ను నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపు సన్నెమ్మ అనే ముసలావిడ తన నాలుగేళ్ళ మనవడు చక్రి నోట్లో ఒక బిళ్ళ వేసేసింది. వేలు పెట్టి బయటికి తీశాను. బిళ్ళ క్షేమంగానే వచ్చింది. నా వేలిమీద మాత్రం చక్రిగాడి పళ్ళు నాలుగు వారాలు నిలిచాయి.

ఆ బిళ్ళ అసలు పేరు బెదురుబిళ్ళ. రూపాయి బిళ్ళలో సగం ఉంటుంది. ఒంటికి తగిలి ఉంటే చెమటలోంచీ నాడిలోంచీ మనిషి భయాన్ని పట్టి, సెల్‌ఫోన్ టవరు మీదుగా మా ప్రయోగశాలకి అంకె పంపుతుంది. అంకె కొలమానం ‘అదురు’. కనిపెట్టింది డాక్టర్ హైమవతి. పేరు పెట్టింది నేను. అదురూ బెదురూ ఒకచోట ఉండకపోతే తెలుగు ఒప్పుకోదని వాదించి గెలిచాను. మొదటిసారి నా ముంజేతికి కట్టి చూసినప్పుడు నాలుగు అదురులు చూపించింది. ‘సోమేశ్వర్రావు గారూ, మీ ఆవిడ ఫోను’ అని హైమవతి అబద్ధమాడగానే పంతొమ్మిదికి ఎగిరింది. పరికరం నికార్సయినదని ఆ క్షణమే నమ్మాను.

నిద్రపోతున్న పిల్లకి రెండు, ఆడుకుంటున్న పిల్లకి ఐదు. నలభై దాటితే ఆ పిల్లకి ఏదో జరుగుతున్నట్టు. సున్న అంటే భయం లేదని కాదు, బిళ్ళ ఒంటిమీద లేదని. బతికున్న ఒంట్లో సున్న ఉండదు.

ఇదంతా ‘అభయ’ కేంద్రం కోసం. ఇంట్లో దెబ్బలు తినే పిల్లల్ని వెతికి, ఒక్కొక్క కుటుంబానికి ఒక భద్రతా ప్లాను రాసే సంస్థ అది. పిల్ల ఎక్కడుండాలి, ఎవరి దగ్గరుండాలి, గొడవైతే ఎవరికి ఫోను చెయ్యాలి అన్నీ అందులో ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆ ప్లాను మంచిదో కాదో కాగితం చూసి తేల్చేవారు. అక్షరాలు గుండ్రంగా ఉంటే ప్లాను గట్టిదని అర్థం. అలా కాదు, ప్లాను మొదలయ్యాక పిల్ల భయం తగ్గిందా లేదా అన్నదే కొలుద్దాం, దాన్నిబట్టే సంస్థకి మార్కులు వేద్దాం అన్నది హైమవతి ఆలోచన. ‘అభయ’లో అకారం వాళ్ళ పని, మిగిలిన భయం కొలవడం మా పని. పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో సరిచూడడం అందులో నా వాటా. తూకపు రాళ్ళని తూచేవాడి ఉద్యోగమన్న మాట.

బిళ్ళని ఎక్కడ కట్టాలో అప్పటికి తేలలేదు. ముంజేతి పట్టీలు పిల్లలు పారేస్తున్నారు. కలరా గొడవలో అమ్మలందరూ నామీద పడి ‘మింగొద్దంటే మరేటి సెయ్యాల’ అని అరుస్తుంటే, నేను వాళ్ళకంటే గట్టిగా, మింగేది కాదమ్మా, మొలతాడుకి కట్టేది, తాయెత్తు కట్టినట్టు కట్టండి అని కేకేశాను. అంతే, అరనిమిషంలో ఊరు చల్లబడింది. మొలతాడు అందరికీ తెలుసు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఊళ్ళో ప్లాను రాయాల్సిన పిల్ల ఒకతే. తవిటమ్మ, ఆరేళ్ళది, సన్నెమ్మ కూతురి కూతురు. దానికి పదిహేడో నంబరు బిళ్ళ. పక్కన పెట్టి పోల్చడానికి ఏ భయమూ లేని పిల్ల ఒకరు కావాలి కాబట్టి చక్రికి పద్దెనిమిదో నంబరు ఇచ్చాం. మా లెక్కలో వాణ్ణి ‘తోడు పిల్ల’ అంటాం.

పిల్లలందరినీ కూర్చోబెట్టి నేను ఉపన్యాసమిచ్చాను. ఇది తీశారో, నాకు తెలిసిపోతుంది, గంటలో మీ ఎదురుగా ఉంటాను, మీసాలతో సహా అన్నాను. అందరూ నవ్వారు. తవిటమ్మ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

“తీస్తే నిజంగా ఒచ్చీస్తావా?”

“ఒట్టు,” అన్నాను.

* * *

తవిటమ్మ తండ్రి అప్పలకొండ. ఆ వేసవిలో భార్య ఈశ్వరమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. అడ్డం వెళ్ళిన పిల్లని గోడకి విసిరాడు. అభయ వాళ్ళు వచ్చి అతన్ని ఇంట్లోంచి పంపేశారు. కానీ అతను వెళ్ళింది ఎంత దూరం? ఊరి చివర జీడి బట్టీ దాకా. అక్కడే పని, అక్కడే పడక. ఈశ్వరమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి గాని రాదు. బడి అయ్యాక ఆరింటిదాకా పిల్ల సన్నెమ్మ దగ్గర ఉంటుంది. ఆరు తరవాత ముసలావిడకి కళ్ళు కనపడవు.

అభయ తరఫున ప్లానులు రాసేది కృపారావు. ఫలానా ఇంటికి ఫలానా ప్లానని ఇట్టే చెప్పేయగల మనిషి. చెడ్డవాడు కాడు. పిల్లల పేర్లన్నీ నోటికొచ్చు. కాకపోతే ఇరవయ్యొక్క గళ్ళున్న ఫారం ఒకటి ఉంది, అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆయనకి అన్నం సయించదు. తవిటమ్మ ప్లానులో ఇరవయ్యొక్క గళ్ళూ నిండాయి. ‘సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు పిల్ల పెదనాన్న గున్నయ్య ఇంట్లో భద్రంగా ఉండాలి’ అన్నది పదకొండో గడి. ‘ప్లాను ప్రతిని ఇంటి తలుపుకి అందరికీ కనబడేలా అతికించాలి’ అన్నది ఇరవయ్యొకటో గడి. గున్నయ్య పెద్దమనిషి. పెరట్లో జీడితొక్కు నిలవచేసే కొట్టు ఉంది. ఊళ్ళో మాట చెల్లుతుంది.

ఆ ప్లాను శ్రావణంలో ఒక సోమవారం మొదలైంది. అంతకుముందు రోజు అమావాస్య, మధ్యాహ్నం సూర్యగ్రహణం.

మర్నాటి నుంచి పదిహేడో బిళ్ళ అంకె చూసి కృపారావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంతకుముందు ముప్ఫైకి తగ్గని పిల్ల రాత్రింబవళ్ళు నాలుగూ ఐదూ చూపిస్తోంది. మా జిల్లాలో ఏ ప్లానూ భయాన్ని అంతగా దించలేదు. తొంభై ఎనిమిది మార్కులు. పై ఆఫీసు ఆ ప్లాను కాపీ అడిగింది. గురువారం జీడివలస బడిలోనే సభ పెట్టి అభయకి ప్రశంసాపత్రం ఇస్తారని, అదే ప్లానుని మాటకి మాట నలభై ఇళ్ళకి అమలు చేస్తారని ఉత్తర్వు వచ్చింది. గున్నయ్యకి శాలువా కూడానట.

అదే వారం పద్దెనిమిదో బిళ్ళ పాడైంది.

పాడైందని రాసింది నేనే. చక్రిలాంటి నవ్వులబుట్టకి అరవై అదురులు రావడమేమిటి? పైగా రోజూ మధ్యలో ఒక సున్న. ప్లాను ఉన్న పిల్లకి సున్న వస్తే అభయ ఆఫీసులో గంట మోగుతుంది. తోడు పిల్లకి గంట లేదు, మా పుస్తకంలో ఒక వరస, అంతే. ఆ వరసకి ఎదురుగా కారణం రాయాలి. ‘బిళ్ళ పాడు’ అని రాశాను. మర్నాడు మళ్ళీ రాశాను.

హైమవతి నా భుజం మీదుగా ఆ గీతని చాలాసేపు చూసింది. ఆరింటికి ఎక్కుతోంది, ఎనిమిదింటికి దిగుతోంది, రోజూ అదే వరస. పాడైన పరికరం ఇంత సమయపాలన చెయ్యదండీ అంది. మన ఆఫీసులో ఎవరూ చెయ్యని పని పాపం ఆ బిళ్ళ ఒక్కటీ చేస్తోంది, చెయ్యనివ్వండి అన్నాను. నవ్వింది. నవ్వించడం నాకు తేలిక. నవ్విన మనిషి రెండోసారి అడగదు. తీరికగా వెళ్ళి బిళ్ళ మార్చుకు రమ్మంది. సభకి తెరలు, కుర్చీలు, మైకు ఏర్పాట్లలో ఆ తీరిక నాకు తరవాతి బుధవారం గాని దొరకలేదు.

* * *

బుధవారం సాయంత్రం ఆరున్నరకి సన్నెమ్మ ఇంటి ముందు స్కూటరు ఆపాను. చక్రి మంచం మీంచి గడ్డివాము మీదికి దూకుతున్నాడు. పట్టుకుని చొక్కా ఎత్తాను. కొత్త నల్ల మొలతాడు, దానికి బిళ్ళ. బిళ్ళ అంకె అక్కడికక్కడే చూపించే చేతిమాపకం ఆనించాను. ఐదు అదురులు. పాడైన బిళ్ళ ఇంత ఆరోగ్యంగా ఉందేమిటా అని నంబరు చూశాను.

పదిహేడు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అంకె మారలేదు.

సన్నెమ్మని పిలిచి ఈ మొలతాడు ఎప్పుడు కట్టావని అడిగాను. ఆవిడ తీరిగ్గా చెప్పింది. గ్రహణం నాడు పిల్లలిద్దరూ తన దగ్గరే ఉన్నారు. పట్టు విడిచాక ఇద్దరికీ స్నానం చేయించి, పాత మొలతాళ్ళు తెంపేసింది. ఊళ్ళో అందరూ చేసేదే. బిళ్ళలు రెండూ పసుపునీళ్ళ చెంబులో వేసి కడిగింది. తరవాత కొత్త తాళ్ళకి కట్టింది.

“ఏది ఎవులిదో ఎలగ తెలుస్తాది బాబూ? రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నానేటి సదువుకున్నానా?”

గ్రహణం ఆదివారం. ప్లాను సోమవారం. పది రోజులుగా మేము మార్కులు వేస్తున్నది తవిటమ్మ భయానికి కాదు, చక్రి ఆటలకి. పది రోజులుగా ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా అరవై అదురులతో కొట్టుకుంటున్నది చక్రి కాదు.

చేతిమాపకంలో పద్దెనిమిది నొక్కాను. ఊళ్ళోనే ఉంటే అందుతుంది. యాభై రెండు. చూస్తుండగా అరవై ఒకటి. తవిటమ్మ ఎక్కడుందని అడిగాను.

“ఆల పెదనాన్న కాడ. మీ కాయితంలో అలగే రాసినారు గదా.”

పరుగెత్తాను. నాది పరుగుకి పనికొచ్చే ఒళ్ళు కాదు. దారిలో ఈశ్వరమ్మ ఇల్లు. తాళం వేసిన తలుపుమీద మా ప్లాను, అందరికీ కనబడేలా, అట్టకి అతికించి ఉంది. పదకొండో గడి కింద ఒక గోధుమరంగు గీత. జీడి మరకల వేలితో ఎవరో ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఆరు నుంచి ఎనిమిది వరకు. పెదనాన్న గున్నయ్య ఇంట్లో. ఒక్కసారి కాదు, చాలాసార్లు చదివారు. ‘ఎనిమిది’ అన్నచోట మరక చిక్కబడింది.

ఆ కాగితం మేమే అతనికి చదివి పెట్టినట్టయింది.

అరవై ఆరు. డెబ్బై ఒకటి. చేతిలో ఆ పెట్టె వేడెక్కినట్టనిపించింది. గున్నయ్య ఇంటి మలుపు తిరుగుతుండగా అంకె పోయింది.

సున్న. ఆరూ నలభై రెండు.

ఇల్లు ఖాళీగా ఉంది. గున్నయ్య టీ కొట్టు దగ్గర కూర్చునే వేళట. పెరట్లోకి వెళ్ళాను. కొట్టు తలుపుకి బయట తాళం ఉంది. గడప ముందు అప్పలకొండ గొంతుక్కూర్చుని ఉన్నాడు. తాగి లేడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చేతిలో అగ్గిపెట్టె. ఒక పుల్ల గీసి, తలుపు సందు దగ్గర పట్టుకుని, అది వేలిదాకా కాలాక కింద పడేసి, ఇంకోటి గీస్తున్నాడు. పాపాయికి కథ చెబుతున్నంత మెల్లగా తలుపుతో మాట్లాడుతున్నాడు.

“మీ అమ్మ నన్ను రానిస్తాదని సెప్పమ్మా. సెప్తే ఎలిపోతాను. సెప్పకపోతే ఈ పుల్ల లోపలకి ఏస్తాను.”

గడప చుట్టూ కాలిన పుల్లలు. ఇవాళ్టివి నల్లగా, నిన్నటివి బూడిదగా, ఇంకా పాతవి మట్టిలో కలిసిపోతూ. లోపల కప్పుదాకా జీడితొక్కు బస్తాలు. జీడితొక్కులో ఉండేది నూనె. నిప్పు తగిలితే ఆర్పడం ఎవరి తరమూ కాదని ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లకీ తెలుసు.

నాకు ధైర్యం లేదు, గొంతు ఉంది. “నిప్పు, నిప్పు” అని అరిచాను. జీడి ఊళ్ళో ఆ మాట మైకు అక్కర్లేకుండా సరిగ్గా వినబడుతుంది. బిందెలతో, బకెట్లతో, ఇసుక తట్టలతో వీధి వీధంతా పెరట్లోకి విరగబడింది. అప్పలకొండ లేచి నిలబడ్డాడు. వేళ్ళ మధ్య వెలుగుతున్న పుల్లని అలాగే పట్టుకుని మా అందరినీ చూశాడు. ఎవరూ కదల్లేదు. పుల్ల కొసదాకా కాలి, అతని వేళ్ళు కాల్చి, ఆరిపోయింది. అప్పుడు నలుగురు మీదపడి పట్టుకున్నారు.

గున్నయ్య తాళంచెవితో పరుగెత్తుకొచ్చాడు. అతని ముఖంలో కుట్ర ఏదీ లేదు, కంగారు తప్ప.

“పిల్లని బద్రంగా ఉంచమని కాయితంలో రాసినారు బాబూ. ఆడు ఒచ్చి ఎత్తుకుపోతాడని తాళమేసి ఉంచినాను. ఇంతకన్నా బద్రం ఏటుంటది?”

తలుపు తీశాం. వెలుతురు లోపలికి పోవడానికి కూడా కాస్త ఆలోచించినట్టుంది. బస్తాల మధ్య తవిటమ్మ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చేతులనిండా బొబ్బలు. తొక్కు నూనె ఒంటికి తగులుతూ ఆ బస్తాలమీద పది రోజులు కూర్చుంటే వచ్చేవి. సన్నెమ్మా చూసింది, తల్లీ చూసింది, బడి పంతులూ చూశాడు. ఆ ఊళ్ళో బొబ్బల్లేని చేతులు లేవు కాబట్టి ఎవరూ ఆగి చూడలేదు. మేమూ అంతే. మార్కులు చూశాం, మరకలు చూడలేదు.

దాని గుప్పిట్లో మొలతాడు ఉంది. బిళ్ళతో సహా. నా మీసాల వంక చూసింది.

“ఒచ్చినావా,” అంది.

* * *

గురువారం సభ ఆగలేదు. కుర్చీలు వేసేశారు, పై ఆఫీసు వాళ్ళు బయల్దేరేశారు. ప్రశంసాపత్రం మాత్రం బల్లమీద బోర్లా పెట్టి ఉంది. అప్పలకొండని పోలీసులు తీసుకుపోయారు. తవిటమ్మ తల్లి ఒళ్ళో, చేతులకి కట్లతో, ముందు వరసలో కూర్చుంది. చక్రి కుర్చీల కింద దూరుతున్నాడు.

జరిగిందేమిటో అందరికీ చెప్పాలన్నారు పై వాళ్ళు. మొదట కృపారావు లేచాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. ప్లానులో లోపం లేదని, గ్రహణం నాడు పిల్లల మొలతాళ్ళు మార్చే మూఢాచారం వల్ల బిళ్ళలు తారుమారయ్యాయని, అది ఎవరూ ముందుగా ఊహించలేనిదని అన్నాడు.

సన్నెమ్మ కూర్చున్నచోటి నుంచే మాట్లాడింది.

“గేనం ఒస్తాదని పంచాంగంలో ఆరు నెల్ల ముందే ఉంది బాబూ. మీ కాయితంలో లేదేటి?”

ఇరవయ్యొక్క గళ్ళలో అది లేదు. పెదనాన్న ఇంట్లో పిల్ల ఏ గదిలో ఉంటుందని అడిగే గడి లేదు. తలుపుమీద కాగితం ఇంకెవరు చదువుతారని అడిగే గడీ లేదు. పిల్లని ఒక్క ముక్క అడిగే గడి అసలే లేదు. హైమవతి లేచి ఆ మాటలు చెప్పింది. తన కొలత మీద తనకి నమ్మకం పోలేదని, కొలత ఉంది కదా అని కళ్ళు మూసుకున్న రోజే అంతా చెడిందని చెప్పి, నలభై ఇళ్ళ ఉత్తర్వు ఆపమని అడిగి కూర్చుంది.

నా వంతు వచ్చింది. మైకు అదే, ఆటోది. నేను మైకు పట్టుకుంటే జనం నవ్వడానికి సిద్ధమవుతారు. ఇద్దరు ముగ్గురు అప్పుడే పెదాలు సర్దుకున్నారు.

అప్పుడు ముందు వరసలోంచి తవిటమ్మ అడిగింది. గట్టిగా కాదు. మైకు దగ్గరగా ఉండబట్టి ఊరంతా వినబడింది.

“తీస్తే ఒస్తానన్నావు. రోజూ తీసీసినాను. రాలేదేటి?”

వెంట తెచ్చిన పుస్తకం తెరిచాను. తోడు పిల్లల పుట, పద్దెనిమిదో నంబరు. బిళ్ళలు ఎలా మారాయో, ఆ సున్నలు చక్రివి కావని, అవి ఎవరు ఎవర్ని పిలిచిన పిలుపులో అందరికీ చెప్పాను. మొలతాడు కట్టమన్నది నేనేనని, రాసిన చెయ్యి ఇదేనని చెప్పాను. తరవాత చదవడం మొదలుపెట్టాను.

మంగళవారం, ఆరూ ఇరవై. సున్న. బిళ్ళ పాడు. బుధవారం, ఆరూ పదిహేను. సున్న. బిళ్ళ పాడు. గురువారం, ఆరూ ముప్ఫై. సున్న. బిళ్ళ పాడు. శుక్రవారం సున్న, రెండు నిమిషాలు. శనివారం ఐదు నిమిషాలు. ఆదివారం పావుగంట, అంతసేపు ఎదురు చూసింది కాబోలు. సోమవారం, బిళ్ళ పాడు. మంగళవారం, బిళ్ళ పాడు.

మొత్తం ఎనిమిది. తొమ్మిదోది బుధవారం, సాయంత్రం ఆరూ నలభై రెండు. దానికి ఎదురుగా ఏమీ రాసి లేదు. ఆ వేళకి నేను దారిలో ఉన్నాను.